ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ఏడు చూపించిన సెన్సార్: బీఎస్6 డీజిల్ బండిలో ఒక డీపీఎఫ్ కేసు

డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ప్రెషర్ సెన్సార్‌లో తప్పుందని కోడ్ వచ్చిన బండికి కొత్త సెన్సార్ వేయడం, వేశాక లైటు ఆరిపోవడం, కొద్ది రోజులకు మళ్లీ వెలగడం ఈ మధ్య ఆటోనగర్లలో తరచుగా కనబడుతున్న వ్యవహారం. అలాంటి బండ్లలో ఒకదాని వివరాలు ఇక్కడ రాస్తున్నాను. ఈ బండి మీద అంతకుముందు జరిగిన ప్రతి పనీ కొన్నాళ్లు ఫలించినట్టే కనిపించింది. ఆ తాత్కాలిక ఫలితాలే అందరినీ పక్కదారి పట్టించాయి. యజమాని వివరాలు, బండి మోడలు, ముందు పనిచేసిన షెడ్ల ఆనవాళ్లు వదిలేశాను. అవి లేకపోయినా తర్కానికి లోటు రాదు.

నేపథ్యం

బండి 2021లో రిజిస్టరైన బీఎస్6 డీజిల్ ఎస్‌యూవీ. నా దగ్గరకు వచ్చేనాటికి డెబ్బై వేల కిలోమీటర్ల చిల్లర తిరిగింది. యజమాని విజయవాడలోనే ఉంటారు. ఇంటి నుంచి పిల్లల బడికి, అక్కడి నుంచి ఆఫీసుకు, సాయంత్రం బజారుకు అంటూ మూడు నాలుగు కిలోమీటర్ల ముక్కలుగా బండి తిరుగుతుంది. నెలకు ఒకటి రెండుసార్లు హైదరాబాద్ హైవే ఎక్కుతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్6 కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చాక డీజిల్ కార్లలో డీపీఎఫ్ తప్పనిసరి భాగమైపోయింది. తేనెపట్టు లాంటి సెరామిక్ గదుల్లో ఒక గదికి ముందు వైపు, పక్క గదికి వెనక వైపు మూత ఉంటుంది కాబట్టి పొగ గోడల గుండానే పోవాలి, మసి గోడల మీద ఆగిపోవాలి. హైవే మీద ఎగ్జాస్ట్ తగినంత వేడిగా ఉన్నప్పుడు ఆ మసి కొంత తనంతట తానే కాలుతుంది. ఊళ్లో తిరిగే బండిలో అంత వేడి రాదు. అందుకని ఇంజన్‌ను నడిపించే కంప్యూటరైన ఈసీయూ, మసి ఒక హద్దు దాటిందని లెక్క తేలగానే అదనంగా డీజిల్ చిమ్మి ఫిల్టర్‌ను 600 డిగ్రీల దరిదాపులకు తీసుకెళ్లి మసిని కాల్చేస్తుంది. దాన్నే మనం రీజనరేషన్ అంటున్నాం. మసి ఎంత పేరుకుందో తెలుసుకోవడానికి ఈసీయూకు ఉన్న ఆధారాలు రెండు: తిరిగిన దూరం, కాల్చిన డీజిల్, ఇంజన్ లోడు వగైరాల మీద వేసుకునే అంచనా ఒకటి, ఫిల్టర్‌కు ముందూ వెనకా ఉన్న ఒత్తిడుల తేడాను కొలిచి పంపే సెన్సార్ ఇంకొకటి.

ఈ సెన్సార్‌కు రెండు రబ్బరు గొట్టాలు వస్తాయి. ఒకటి ఫిల్టర్‌కు ముందున్న ఇనుప పైపు నుంచి, రెండోది ఫిల్టర్ తర్వాతి పైపు నుంచి. లోపల సన్నటి సిలికాన్ పొర ఉంటుంది. రెండు వైపులా ఒత్తిడి సమానంగా ఉంటే అది వంగదు, తేడా వస్తే వంగుతుంది, ఆ వంపు వోల్టేజీగా మారుతుంది. వైర్లు మూడు: 5 వోల్టుల సప్లై, ఎర్త్, సిగ్నల్. ఈ బండిలో తేడా సున్నా ఉన్నప్పుడు సిగ్నల్ అర వోల్టు దగ్గర ఉంటుంది, సెన్సార్ మొత్తం రేంజి 1000 హెక్టోపాస్కళ్లు (ఒత్తిడిని కొలిచే ప్రమాణం), దానికి నాలుగు వోల్టుల పెరుగుదల. అంటే ఒక్క హెక్టోపాస్కల్‌కు 4 మిల్లీవోల్టులు. ఈ కేసు మొత్తం ఈ చిన్న అంకె చుట్టూనే తిరుగుతుంది.

వచ్చిన సమస్య

డీపీఎఫ్ లైటు, దాని వెంటే ఇంజన్ లైటు, అప్పుడప్పుడు పికప్ పడిపోయి లింప్ మోడ్, అంటే ఇంజన్ తన శక్తిని తానే తగ్గించుకునే స్థితి. ఇది దసరా తర్వాత మొదలైందని యజమాని చెప్పారు. మైలేజీ తగ్గిందనీ, బండి ఆపిన తర్వాత రేడియేటర్ ఫ్యాన్ చాలాసేపు తిరుగుతోందనీ, ఒక్కోసారి కాలిన వాసన వస్తోందనీ కూడా అన్నారు. తర్వాతి రెండూ రీజనరేషన్ మధ్యలో బండి ఆపేస్తే కనబడే గుర్తులే. ఆయన చెప్పిన ఇంకో మాటను జాబ్ కార్డు మీద అలాగే రాసుకున్నాను: "హైదరాబాద్ వెళ్లొస్తే వారం పది రోజులు బంగారంలా ఉంటుందండీ, మళ్లీ ఊళ్లో తిరగడం మొదలెడితే మామూలే."

ఈ మాట విన్నవాళ్లెవరైనా ఊళ్లో తిప్పడం వల్ల మసి పేరుకుంటోంది, హైవే మీద కాలిపోతోంది అనే అనుకుంటారు. ముందు చూసినవాళ్లూ అలాగే అనుకున్నారు. అది అసాధ్యం కాదు గానీ, స్కానర్‌లో ఉన్న రెండు కోడ్‌లలో ఒకదానికే ఆ వివరణ సరిపోతుంది. పీ2463 మసి ఎక్కువైందని చెప్పే కోడ్. రెండోది పీ2453, సెన్సార్ చెబుతున్న విలువ ఆ సమయానికి ఉండాల్సిన పరిధిలో లేదని దాని అర్థం. ఫిల్టర్ నిజంగా మసితో నిండితే మొదటిది వస్తుంది, రెండోది రావాల్సిన పని లేదు.

అంతకుముందు జరిగిన పనులు

యజమాని బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టుకుని తెచ్చారు. నోటితో చెప్పే చరిత్ర సాధారణంగా లైటు వెలిగిన రోజుతో మొదలవుతుంది; బిల్లుల చరిత్ర అంతకంటే వెనక్కి పోతుంది. తేదీల వరుసలో పేర్చి చూస్తే క్రమం ఇలా ఉంది: ఆగస్టులో క్లచ్ సెట్టు మార్పిడి, దసరా తర్వాత లైటు, స్కానర్‌తో బలవంతపు రీజనరేషన్లు, నవంబర్‌లో కొత్త ప్రెషర్ సెన్సార్, ఆ తర్వాత డీపీఎఫ్ విప్పి కెమికల్ వాష్. ఇవేవీ నిలవకపోవడంతో చివరికి ఎవరో ఆయనకు ఫిల్టర్ లోపలిది తీసేసి సాఫ్ట్‌వేర్‌లో దాని ఊసు లేకుండా చేసేద్దామని సలహా ఇచ్చారు.

ఆ చివరి సలహా సంగతి ముందే తేల్చేశాను. తయారీదారు ఇచ్చిన రూపం నుంచి బండిని అలా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, వచ్చే పొగ మనమే పీల్చాలి. పైగా అసలు తప్పు ఎక్కడుందో తెలియకుండా ఒక భాగాన్ని పీకేయడం రోగ నిర్ధారణ అనిపించుకోదు. కొత్త డీపీఎఫ్ అంటే లక్ష రూపాయల పైమాట కాబట్టి యజమాని అటు మొగ్గడాన్ని తప్పు పట్టలేం. కానీ అది అవసరమని ఎవరూ ఇంకా రుజువు చేయలేదు.

మిగిలిన మూడు పనులనూ ఒక్కొక్కటిగా ప్రశ్నించుకున్నాను. బలవంతపు రీజనరేషన్ తర్వాత లైటు ఆరిందంటే మసి నిజమేనని చాలామంది తీర్మానిస్తారు. అయితే రీజనరేషన్ పూర్తవగానే ఈసీయూ తన మసి లెక్కను దించేస్తుంది. లోపల మసి ఉన్నా లేకున్నా లెక్క దిగుతుంది, లైటు ఆరుతుంది. కాబట్టి ఆ ఫలితం దేనికీ సాక్ష్యం కాదు. కొత్త సెన్సార్ కొద్ది రోజులు, వాష్ ఇంకొన్ని రోజులు పనిచేశాయి. సెన్సార్ తప్పయితే వాష్‌తో బాగుపడకూడదు, ఫిల్టర్ తప్పయితే సెన్సార్‌తో బాగుపడకూడదు. రెండింటితోనూ బాగుపడి రెండింటితోనూ తిరగబడిందంటే, ఆ రెండు పనుల్లోనూ తెలియకుండా జరిగిన మూడో పని ఏదో ఉండాలి. సెన్సార్ మార్చాలన్నా, డీపీఎఫ్ దించాలన్నా రబ్బరు గొట్టాలు రెండూ ఊడదీయాల్సిందే. ఈ దశలో అది ఊహ మాత్రమే. ఊహను పరీక్షకు పెట్టే దారి ఫ్రీజ్ ఫ్రేమ్ చూపించింది.

ఫ్రీజ్ ఫ్రేమ్ చెప్పింది

కోడ్ నమోదైన క్షణంలో ఇంజన్ పరిస్థితులను ఈసీయూ పక్కన రాసి పెడుతుంది. కోడ్ నంబరు చూసి స్కానర్ మూసేసే అలవాటు వల్ల ఈ పేజీని ఎవరూ తెరవలేదనుకుంటాను. పీ2453 నమోదైనప్పుడు ఇంజన్ ఆర్‌పీఎం సున్నా. కూలెంట్ ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, లోపలికి పీల్చే గాలి ఉష్ణోగ్రత కూడా దాదాపు అంతే. రాత్రంతా నిలిపిన బండికి ఉదయం తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేసిన క్షణం అది. ఇంజన్ తిరగడం లేదు, ఫిల్టర్ గుండా గాలి పారడం లేదు, కాబట్టి ముందూ వెనకా తేడా సున్నా ఉండి తీరాలి. ఈసీయూ ఆ సమయంలోనే సున్నాను సరిచూసుకుంటుంది. సున్నా కానిదేదో దానికి కనబడింది.

అప్పటికి ముగ్గురు అనుమానితులు మిగిలారు. మొదటిది, సెన్సార్ చల్లగా ఉన్నప్పుడు సున్నా జరిగిపోవడం. పెట్టింది కొత్తదే అయినా బయట కొన్నది, కాబట్టి కొట్టిపారేయలేం. రెండోది ఎర్త్. హెక్టోపాస్కల్‌కు 4 మిల్లీవోల్టులే కాబట్టి, కనెక్టర్‌లో తుప్పు వల్ల ఎర్త్ వైరులో 25 మిల్లీవోల్టులు పడిపోయినా స్కానర్ ఆరు హెక్టోపాస్కళ్లు అబద్ధం చెబుతుంది. మల్టీమీటర్‌లో చాలామంది పట్టించుకోని పరిమాణం అది. మూడోది, సెన్సార్ నిజమే చెబుతూ ఉండటం. అంటే ఇంజన్ ఆగి ఉన్నా గొట్టాల్లో ఏదో ఒత్తిడి నిజంగానే చిక్కుకుని ఉండటం.

ఈ మూడింటినీ విడదీయాలంటే తప్పు కనబడే పరిస్థితిలోనే పరీక్ష జరగాలి. పగలు వేడి ఇంజన్ మీద ఎంతసేపు కొలిచినా ఉపయోగం ఉండదు. బండిని రాత్రికి షెడ్డులోనే వదిలి వెళ్లమని యజమానిని అడిగాను.

సాయంత్రం పరీక్షలు

రాత్రికి ముందే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, కనెక్టర్ వెనక నుంచి సూది గుచ్చి, సెన్సార్ ఎర్త్‌కూ ఈసీయూ సెన్సార్ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 3 మిల్లీవోల్టులే ఉంది. సప్లై 5 వోల్టులకు దగ్గరగా నిలకడగా ఉంది, వైరింగును కదిపినా, వంచినా మారలేదు. రెండో అనుమానితుడు చాలావరకు తప్పుకున్నట్టే. పూర్తిగా అని అనను, ఎందుకంటే తేమ చేరితే ఉదయం వేరే కథ నడవవచ్చు. అందుకని అదే కొలతను తెల్లవారి మళ్లీ తీయాలని కార్డు మీద రాసుకున్నాను.

సెన్సార్ కొలత నిజమో కాదో తేల్చడానికి తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు. ఒక సెంటీమీటరు ఎత్తు నీరు దాదాపు ఒక హెక్టోపాస్కల్‌కు సమానం. సెన్సార్ పోర్టులు రెండూ ఖాళీ చేసి, ఫిల్టర్ ముందు వైపు పోర్టుకు లెవెల్ పైపు ఒక కొస తగిలించి, నీరు సెన్సార్ దాకా రాకుండా మధ్యలో గాలి ఉంచి, రెండో కొసను పైకెత్తి రెండు మట్టాల మధ్య 50 సెంటీమీటర్ల తేడా ఉండేలా పట్టుకుంటే స్కానర్ 49 చూపింది. పాతిక సెంటీమీటర్లకు 24, పది సెంటీమీటర్లకు 10. దించితే సున్నా. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే అంకెలు. మంచి సెన్సార్ అంటే ఇంతకంటే ఏం కావాలి?

గొట్టాలు తిరిగి తగిలించి, ఇంజన్ వేడెక్కాక, టీ జాయింట్లు వేసి అదే లెవెల్ పైపును ఫిల్టర్ ముందూ వెనకా కలిపి చూశాను. ఐడిల్‌లో నీటి మట్టం తేడా రెండు మూడు సెంటీమీటర్లు, 2500 ఆర్‌పీఎం దగ్గర 22. స్కానర్ కూడా ఒక హెక్టోపాస్కల్ తేడాతో అదే చెప్పింది. మూసుకుపోయిన ఫిల్టర్ లోడు లేకుండా ఇంత తక్కువ చూపించదు. స్కానర్‌లో ఈసీయూ వేసుకున్న మసి లెక్క మాత్రం ఎర్ర గీతకు దగ్గర్లో ఉంది, చివరి రీజనరేషన్ తర్వాత బండి తిరిగిన దూరం తొంభై కిలోమీటర్ల లోపు. ఇలాంటి బండి ఊళ్లో తిరిగినా మూడు నాలుగు వందల కిలోమీటర్లకు ఒకసారి రీజనరేషన్ అడగడం మామూలు. వేడి మీద కొలిస్తే ఫిల్టర్ శుభ్రం, ఈసీయూ నమ్మకం మాత్రం దానికి విరుద్ధం. ఆ నమ్మకం చల్లటి వేళల్లో పుడుతోందన్నమాట.

ఈ పనిలో ఉండగానే గొట్టాల దారి కంటపడింది. సెన్సార్ ఉండాల్సింది ఇంజన్ వెనక గోడ మీద, పైన, రెండు బోల్టుల బ్రాకెట్ మీద. అక్కడ బ్రాకెట్ ఆనవాలు మాత్రమే ఉంది. సెన్సార్‌ను గేర్‌బాక్స్ పైనుంచి పోయే వైరింగు కట్టకు ప్లాస్టిక్ ట్యాగుతో కట్టేశారు. ఫిల్టర్ తర్వాతి వైపు గొట్టం కంపెనీది కాదు. మామూలు డీజిల్ గొట్టం కోసి పెట్టారు, అవసరానికి జానెడు పొడవుగా. ఆ అదనపు పొడవు ఇనుప పైపు మూతి కంటే కిందకు వేలాడుతూ సంచిలా దిగింది. క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించాలంటే ఈ బండిలో డీపీఎఫ్ వెనక పైపు తప్పించక తప్పదు. ఆగస్టు బిల్లుకూ దసరా తర్వాతి లైటుకూ సంబంధం అక్కడ దొరికింది. అయినా వెంటనే గొట్టం ముట్టుకోలేదు. ముట్టుకుంటే, అంతకుముందు రెండు షెడ్లలో జరిగినట్టే, సాక్ష్యం చెరిగిపోతుంది. టీ జాయింట్లు తీసేటప్పుడు కూడా ఆ వేలాడే భాగాన్ని ఎత్తకుండా, లోపల ఏముందో అది అలాగే ఉండేలా చూసి, ఇంజన్‌ను మళ్లీ కొద్దిసేపు నడిపి, వేడి మీద ఆపి వదిలేశాను.

తెల్లవారి

డిసెంబర్ ఉదయం. బండి బానెట్ కింద 20 డిగ్రీలు. స్కానర్ ముందే తగిలించి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేస్తే ప్రెషర్ తేడా 6.8 హెక్టోపాస్కళ్లు. ఎర్త్ మళ్లీ కొలిస్తే 3 మిల్లీవోల్టులే. ముందు వైపు గొట్టాన్ని సెన్సార్ నుంచి లాగాను, అంకె కదల్లేదు. వెనక వైపు గొట్టం లాగగానే 0.2కు పడిపోయింది.

సెన్సార్ చలికి జరిగిపోయి ఉంటే గొట్టం లాగినా 6.8 అలాగే ఉండాలి. ఎర్త్ తప్పయినా అంతే. గొట్టంతో పాటే అంకె పోయిందంటే ఆ ఒత్తిడి నిజమైనది, వెనక గొట్టంలోనే ఉన్నది. గుర్తు కూడా దానికి సరిపోతోంది: తేడా అంటే ముందు ఒత్తిడిలోంచి వెనక ఒత్తిడి తీసివేత కాబట్టి, వెనక వైపు వాతావరణం కంటే తక్కువ ఒత్తిడి చిక్కుకుంటే అంకె ధనాత్మకం అవుతుంది. ముందు గొట్టంలో అదే జరిగితే రుణాత్మకం కావాలి. ఏ గొట్టం ఊడదీయాలో ఊడదీయకముందే గుర్తు చెప్పగలదు.

వేలాడే గొట్టం వంచి సిరంజిలోకి పోస్తే నాలుగు మిల్లీలీటర్ల నీరు వచ్చింది, నల్లగా, మసి నలకలతో. చెంచాడు కూడా లేదు. ఆ కాసింత నీరు ఇంజన్ ఆగి ఉండగా ఏడు హెక్టోపాస్కళ్లు ఎలా పుట్టించిందో లెక్క వేసుకుంటే గానీ నాకు నమ్మకం కుదరలేదు. లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా బయటికి పోతుంది. మూడు కిలోమీటర్ల ప్రయాణంలో ఎగ్జాస్ట్ పైపులు సరిగా వేడెక్కవు, ఆవిరి చల్లటి గొట్టంలో నీరుగా మారి అడుగున చేరుతుంది. గొట్టం సెన్సార్ నుంచి కిందకు వాలుగా ఉంటే ఆ నీరు తిరిగి పైపులోకి జారిపోయేది. ఇక్కడ సంచిలో నిలిచి, నీటి మూతలా మారి, దానికీ సెన్సార్‌కూ మధ్య గాలిని బంధించింది. బంధించిన గాలి పొడవు కొలిస్తే 27 సెంటీమీటర్లు. బండి ఆపినప్పుడు ఆ గాలి 65 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, తెల్లవారి 20కి చల్లారేసరికి దాని పరిమాణం ఎనిమిదో వంతు తగ్గాలి. అంటే మూడున్నర సెంటీమీటర్లు. అంత మేర నీటిని సెన్సార్ వైపు పైకి లాక్కుంటుంది, రెండో వైపు అంతే దిగుతుంది, రెండు మట్టాల మధ్య తేడా ఏడు సెంటీమీటర్లు. ఏడు సెంటీమీటర్ల నీరు అంటే సుమారు 6.8 హెక్టోపాస్కళ్లు. 65 డిగ్రీలన్నది నా అంచనాయే కాబట్టి ఇంత దగ్గరగా కుదరడంలో కొంత అదృష్టం ఉంది. పరిమాణం ఆ స్థాయిలోనే ఉండాలన్నది మాత్రం లెక్క చెప్పిన నిజం.

మిగిలిన కథ దానంతటదే విడిపోతుంది. ఐడిల్‌లో రెండు మూడు ఉండాల్సిన చోట తొమ్మిది, పది కనబడితే ఈసీయూకు ఫిల్టర్ మూడింతలు మూసుకుపోయినట్టు అనిపిస్తుంది. గాలి ప్రవాహం తక్కువగా ఉన్నప్పుడే ఈ తప్పు భారీగా కనబడుతుంది. హైవే వేగంలో అరవై డెబ్బై హెక్టోపాస్కళ్ల మధ్య ఏడు పెద్ద లెక్క కాదు. గాలి మళ్లీ వేడెక్కి వ్యాకోచించేదాకా తప్పు ఉంటుంది, బడికి వెళ్లి ఆఫీసు చేరేసరికి ప్రయాణమే అయిపోతుంది. ఇలా ఊరంతా తప్పు లెక్కతోనే తిరిగి, అవసరం లేని రీజనరేషన్లు అడిగి, అవి మధ్యలో ఆగిపోయి, మళ్లీ అడిగి లింప్ మోడ్ దాకా వచ్చింది. హైదరాబాద్ ప్రయాణంలో గొట్టం వేడెక్కి నీరు ఆరిపోతుంది, వారం పది రోజులు బంగారం. యజమాని మాట అక్షరాలా నిజమే, దాని కారణమే వేరు.

చేసిన పని

బ్రాకెట్ తెప్పించి సెన్సార్‌ను కంపెనీ పెట్టిన చోటే పైన బిగించాం. గొట్టాలు రెండూ ఆ బండికి నిర్దేశించినవే వేశాం. డీజిల్ గొట్టం ఎగ్జాస్ట్ వేడికి, ఆమ్లపు తేమకు మెత్తబడి లోపల పొరలు లేస్తుంది కాబట్టి పొడవు సరిపోయినా దాన్ని ఉంచేవాణ్ణి కాదు. ఇనుప పైపుల మూతులు సన్నటి తీగతో శుభ్రం చేసి, గొట్టాలు సెన్సార్ వైపు ఊడదీసి ఉంచే కంప్రెసర్ గాలి కొట్టాం. సెన్సార్ తగిలించి ఉండగా గాలి కొడితే లోపలి పొర చిరిగిపోతుంది. బాగున్న సెన్సార్లను చంపే అలవాట్లలో ఇది ముందుంటుంది. బిగించాక ప్రతి గొట్టం పొడవునా చెయ్యి పోనిచ్చి, ఎక్కడా తిరిగి పైకి లేవకుండా కిందకే దిగుతోందని చూసుకున్నాం.

సెన్సార్ మార్చలేదు. బయట కొన్నదే అయినా లెవెల్ పైపు ముందు నిజం చెప్పింది. దాన్ని తీసి ఇంకోటి పెడితే బిల్లు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. సున్నా విలువను స్కానర్‌తో మళ్లీ నేర్పించాం, ఎందుకంటే తప్పు సున్నాను ఈసీయూ ఎంతో కొంత అలవాటు చేసుకుని ఉండవచ్చు. కొత్త ఫిల్టర్ వేశామని చెప్పి మసి, బూడిద లెక్కలు రెండూ ఒకేసారి సున్నా చేసే ఆప్షన్ కూడా స్కానర్‌లో ఉంది. దాన్ని వాడలేదు. మసి కాలుతుంది గానీ ఇంజన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు. డెబ్బై వేల కిలోమీటర్ల బూడిద ఉన్న ఫిల్టర్‌ను కొత్తదని ఈసీయూకు చెప్పడమంటే ఇంకో అబద్ధాన్ని నాటడమే. బదులుగా హైవే మీద సర్వీస్ రీజనరేషన్‌ను పూర్తిగా జరగనిచ్చి, ఫిల్టర్ ఉష్ణోగ్రత 600 దగ్గర నిలకడగా ఉండటం, ప్రెషర్ తేడా దిగిరావడం చూస్తూ వెళ్లాం.

ఒక పని మాత్రం యజమాని ఊహించనిది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది, వేళ్ల మధ్య రుద్దితే పల్చగా, డీజిల్ వాసనతో. సగంలో ఆగిన రీజనరేషన్లలో చిమ్మిన డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట జారి, ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంప్‌లోకి చేరుతుంది. సర్వీసుకు ఇంకా గడువున్నా ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చేశాం. బూడిద తక్కువ మిగిల్చే సీ3 గ్రేడు ఆయిలే పోశాం. గొట్టం మార్చి పంపేసి, ఈ ఆయిల్ వదిలేసి ఉంటే లైటు ఆరేది గానీ టర్బో బేరింగులు దాని ఖరీదు చెల్లించేవి.

మరుసటి ఉదయం చల్లటి ఇంజన్ మీద ఇగ్నిషన్ ఆన్ చేస్తే 0.3. జనవరిలో, ఇంకా చలి ఉన్న రోజుల్లో, తెల్లవారే యజమాని ఇంటికి వెళ్లి, అక్కడ నిలిపిన బండికి స్కానర్ పెట్టి చూశాం. సున్నా దరిదాపుల్లోనే ఉంది. రీజనరేషన్ల మధ్య దూరం మూడు వందలు దాటింది. లైటు రాలేదు.

ఈ కేసు నుంచి తీసుకున్నవి, తీసుకోకూడనివి

ఇంజన్ ఆగి ఉన్న సున్నా అన్నిటికంటే నమ్మకమైన కొలత. నడుస్తున్న ఇంజన్‌లో ఎంత ఉండాలో బండిని బట్టి, వేడిని బట్టి, లోడును బట్టి మారుతుంది. ఆగిన ఇంజన్‌లో ఎంత ఉండాలో ఏ మోడలుకైనా ఒకటే. ఇప్పుడు మా దగ్గర డీపీఎఫ్ కోడ్‌తో వచ్చిన ప్రతి బండికీ మూడు సున్నాలు రాస్తాం: వచ్చినప్పటిది, వేడి ఇంజన్ ఆపిన వెంటనే, రాత్రి నిలిపాక ఉదయం. మధ్య దానికి వేరే ఉపయోగం ఉంది. ఇంజన్ ఆపగానే అంకె వెంటనే సున్నాకు దిగకుండా నెమ్మదిగా జారుతుంటే ముందు వైపు పైపు మసితో సన్నబడిందని అనుమానించాలి, ఎందుకంటే అక్కడి ఒత్తిడి బయటికి పోయే దారి ఇరుకైంది.

ఇదే తర్కాన్ని అన్ని బండ్లకూ అంటించకూడదు. కొన్ని మోడళ్లలో సెన్సార్‌కు ఒకే గొట్టం ఉంటుంది, రెండో వైపు గాలికి తెరిచి ఉంటుంది. అక్కడ గుర్తు చెప్పే కథ మారిపోతుంది. ముందు గొట్టంలో పగులు ఉంటే అంకె పెరగకుండా తగ్గుతుంది, మసి నిజంగా నిండుతున్నా ఈసీయూకు తెలియదు, తేడా మరీ తక్కువగా ఉందని చెప్పే పీ244ఏ గానీ, ఫిల్టర్ సామర్థ్యం తగ్గిందని చెప్పే పీ2002 గానీ వస్తుంది. ఆ తప్పు ఈ కేసుకు పూర్తిగా వ్యతిరేకం, దానివల్ల ఫిల్టర్ కరిగిపోయే ప్రమాదం కూడా ఉంది. ఇక సెన్సార్లే చెడిపోవా అంటే, చెడిపోతాయి. రెండు పోర్టులూ గాలికి వదిలినా సున్నా రాకపోతేనో, నీటి మట్టంతో పోల్చినప్పుడు ఎక్కేదారి దిగేదారి వేరుగా ఉంటేనో సెన్సార్ మార్చడానికి నేను క్షణం వెనకాడను.

మసి నిజంగా పేరుకునే బండ్లలో కథ ఇంకో మెట్టు వెనక్కి వెళ్తుంది. ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది) తెరుచుకుని ఇరుక్కోవడం, ఇంటర్‌కూలర్ గొట్టం కారడం, ఇంజెక్టర్ కారడం లాంటి వాటిలో ఏదో ఒకటి మసిని తయారు చేస్తుంటుంది. ఫిల్టర్ దాన్ని పట్టుకునే పనే చేస్తోంది. ఈ బండిలో అవి చూశాం, తేడా ఏమీ కనబడలేదు కాబట్టి వివరాలు వదిలేస్తున్నాను.

క్లచ్ పని చేసిన షెడ్డును తప్పు పట్టడానికి నాకు పెద్దగా మనసు రాదు. గేర్‌బాక్స్ దించే మనిషికి ఆ చిన్న నల్ల డబ్బా ఎక్కడ కట్టినా ఒకటే అనిపించడం సహజం. బీఎస్4 బండ్లలో అక్కడ కట్టేసే చాలా వస్తువులు నిజంగానే ఎక్కడున్నా పనిచేసేవి. మా షెడ్డులో మాత్రం బీఎస్6 బండి గేర్‌బాక్స్ విప్పేముందు ప్రెషర్ సెన్సార్, గొట్టాల దారి ఫోన్‌లో ఫోటో తీసి జాబ్ కార్డుకు జత చేయమని కుర్రాళ్లకు చెప్పాం.

ఒక విషయం మిగిలింది. కెమికల్ వాష్‌కు ముందూ తర్వాతా ఫిల్టర్‌ను ఎవరూ తూచలేదు కాబట్టి, అందులో బూడిద ఎంత దిగిందో, ఎంత మిగిలిందో చెప్పే ఆధారం లేదు. అందుకని రీజనరేషన్ పూర్తయిన వెంటనే, వేడి ఇంజన్ మీద ఐడిల్‌లోనూ 2500 ఆర్‌పీఎం దగ్గరా వచ్చిన ప్రెషర్ తేడాలను కిలోమీటర్ల రీడింగుతో సహా కార్డు మీద రాసి పెట్టాం. వచ్చే సర్వీసుకు బండి వచ్చినప్పుడు అదే వేడిలో, అదే ఆర్‌పీఎంలో మళ్లీ కొలిచి పక్కన రాస్తాం.